గోవర్ధనరావు గారి ముగ్గు గోడలు

బందరు ఇంజనీరు గోవర్ధనరావు గారికి కాగితం మీద నమ్మకం లేదు. ఏ కట్టడానికైనా ముందు నేల మీద అసలు కొలతల్లో ముగ్గు పోయించి, ఆ గీతల మధ్య ఒక పూట కాపురం చేస్తేగానీ ప్లాను మీద సంతకం పెట్టరు.

ముగ్గు గీత ఆయనకు గోడే. ఎవరైనా దాటారో, "గోడలోంచి దూరతావేంటయ్యా! తలుపు అటుంది!" అని కేక. ఆయన ఆ గీతల్లో నిలబడి లేని ఫ్యాను వేస్తే, చూసేవాళ్లకు చల్లగా తగిలేది. ఓసారి ఆ గోడ మీద కాకి వాలిందని మేస్త్రీ పున్నారావు ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

గుడివాడలో కల్యాణమండపానికి ముగ్గు పోసిన రోజున, కట్టించేవారి చుట్టాలందరినీ మట్టిలో భోజనాల బంతులుగా కూర్చోబెట్టి, పున్నారావుకు ఖాళీ బకెట్ ఇచ్చి వడ్డించమన్నారు.

"ఆగు! బావగారి ఒళ్లో సాంబారు పోశావు!"

"సాంబారెక్కడుందండీ?"

"సాంబారూ లేదు, నువ్వు నడవడానికి సందూ లేదు. వరసలు జరపండి!"

బావగారు మాత్రం లేచి పంచె దులుపుకున్నారు.

అలాంటి మనిషికి అవనిగడ్డలో ఫైర్ స్టేషన్ ప్లాను వచ్చింది. ఆఫీసరు శేషగిరిరావు గారి పట్టు ఒకటే: రోడ్డు వైపు నిండా తన గదే ఉండాలి. స్థలంలో ముగ్గు పోయగానే ఆ గదిలో కుర్చీ వేయించుకుని, "ఈ పూట తేల్చకపోతే వేరే ఇంజనీరును చూసుకుంటామండీ" అన్నారు. పున్నారావేమో ఈ పని మీదే ఆశ పెట్టుకున్నాడు.

ఇంతలో గోవర్ధనరావు గారు కబురు పెట్టిన పాపాయమ్మ చేపల గంపతో ఆటో దిగింది. పాలకాయతిప్ప దగ్గర ఆమెది తాటాకిల్లు.

"పాపాయమ్మా, ఇల్లంటుకుందనుకో. పరిగెత్తు!"

"అనుకోడమేంటి బాబూ, పోయిన వేసంగిలో అంటుకుందిగా!"

గంప దించి, కొంగు బిగించి, "బాబో, ఇల్లు! ఇల్లు!" అంటూ ఒకటే పరుగు. ముగ్గు తలుపు వంకైనా చూడలేదు. ఆఫీసరు గది గోడలోంచి దూరి, ఆయన కుర్చీని రాసుకుంటూ వెనకాల మంటలార్పే బండి నిలిపే చోటికి చేరింది.

కేక కోసం పున్నారావు కళ్లు మూసుకున్నాడు. ఎంతకీ రాలేదు. కళ్లు తెరిస్తే, గోవర్ధనరావు గారు మోకాళ్ల మీద కూర్చుని, ఆమె అడుగులు పడినచోట గోడను అరచేత్తో చెరిపేస్తున్నారు.

"గోడలోంచి వచ్చిందండీ!" అన్నాడు పున్నారావు, ఉండబట్టలేక.

"ఇల్లు కాలుతుంటే తలుపు ఎవరు వెతుక్కుంటారు పున్నారావూ? ఆమె ఎటొస్తే అటే పెట్టాలి."

ఇన్నేళ్లుగా తను పోస్తున్న ముగ్గంతా ఎవరి కోసమో పున్నారావుకు అప్పుడు అర్థమైంది.

తీరా చూస్తే కుర్చీ ఖాళీ. ఆఫీసరు గారు పాపాయమ్మ వెనకే పరిగెత్తి, లేని బండి పక్కన రొప్పుతూ నిలబడి, "ఏ ఊరమ్మా? ఇల్లెక్కడ?" అని అడుగుతున్నారు. అడిగాక చుట్టూ చూసి సిగ్గుపడ్డారు.

"మరి... నా గది?"

"వెనక్కి జరుపుతానండీ. మీకు పరుగు బాగానే వచ్చుగా."

"వెనకైతే ఉక్కపోత" అంది పాపాయమ్మ, గంప నెత్తికెత్తుకుంటూ. "ఆ అయ్యకో కిటికీ పెట్టండి బాబూ, పాపం."

గోవర్ధనరావు గారు ముగ్గు డబ్బా అందుకుని అడిగారు. "ఎటు పెట్టమంటారండీ?"

శేషగిరిరావు గారు రోడ్డు వైపోసారి చూసి, ఇటు తిరిగారు.

"బండి కనపడేటట్టు పెట్టండి."