చెప్పకుండా విరిగే ఫోర్కు

నేను ఒకటి చూస్తే పది చెప్పే మనిషిని. కాస్త తగ్గించుకుని చదవండి.

కొత్తగూడెం దాటాక, అడవి మధ్య బస్ షెల్టర్ దగ్గర సైకిల్ ఆపాను. అక్కడినుంచి రోడ్డు పాతాళంలోకి దిగుతుంది. కర్రల లారీలు ఏనుగుల మందలా ఎక్కివస్తున్నాయి.

పానాల సంచితో బస్సు కోసం కూర్చున్న ఒక ముసలి సైకిల్ మేస్త్రీ నా సైకిల్ ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు వైపే చూస్తున్నాడు.

"కార్బన్ ఫైబర్‌ది చాచా," అన్నాను. "మీ పాత ఇనుప ఫోర్కు విల్లులెక్క ముందుకు వంగి ఉంటది. ఇది చక్కగ నిలబడ్డది. చిటికెన వేలితో లేపొచ్చు."

ఆయన భుజం మీది నూలు రుమాలుతో దాన్ని పైనుంచి కిందికి తుడిచాడు. ఒకచోట దారం చిక్కుకుంది.

"పగిలింది సార్. దీంతోని ఈ దిగుడు దిగొద్దు."

"మొన్న కింద పడ్డది. గీతే అది."

"ఇనుమైతే ముందు వంగి చెప్తది. ఇది చెప్పకుండనే ఇరుగుతది."

నేను పెడల్ మీద కాలేశాను. ఆయన హ్యాండిల్ పట్టుకుని వదల్లేదు. ముందు బ్రేకు బిగించి, ఒంటి బరువంతా మోపి ముందుకు నెట్టాడు. ఫోర్కు తుపాకీ పేలినట్టు విరిగింది. దిగువ మలుపులో లారీ హారన్ మోగింది.

నేను ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

పాతాళం, తుపాకీ అలవాటు కొద్దీ పెంచినవి. పూర్తిగా కల్పించింది ఆ కళ్ళనీళ్ళ వాక్యమే. నిజానికి, "కొత్త సైకిల్ ఇరగ్గొట్టినవ్" అని ఆయన మీద అరిచాను. ఆయన తల వంచుకుని అంతా విని, బస్సు రాగానే ఎక్కి వెళ్ళిపోయాడు.