ఒకే ఇంటికి రెండు పేర్లు

2018లో నేను అమెరికాలోని ఫ్రీమాంట్‌లో ఒక చిన్న మ్యాపింగ్ కంపెనీలో పనిచేసేదాన్ని. మా పని జీఐఎస్. ఏ ఇల్లు, ఏ రోడ్డు, ఏ పైపు ఎక్కడుందో కంప్యూటర్ మ్యాప్‌లోకి ఎక్కించడం. వచ్చే డేటా ఎప్పుడూ చెత్తగానే ఉంటుంది. దాన్ని శుభ్రం చేయడంలో చేయి తిరిగినదాన్నని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ ఏప్రిల్‌లో ఆర్మెన్ అనే డెబ్బై ఎనిమిదేళ్ల పెద్దాయన ఒక నోట్‌బుక్ పట్టుకుని వచ్చారు. ఆర్మేనియాలో సరిహద్దు పక్కనే ఉన్న చిన్న ఊరు ఆయనది. ఇక్కడ కూతురి దగ్గర ఉంటూ ప్రతి వేసవికీ అక్కడికి వెళ్లొస్తారట. ఆ ఊళ్లోని ఇళ్లన్నిటి వివరాలూ సొంత చేత్తో రాసుకున్నారు. బడి గోడకు పెట్టడానికి మ్యాప్ కావాలన్నారు.

అలవాటు ప్రకారం ముందు డీడప్ నడిపాను. ఒకే రికార్డు రెండుసార్లు ఎక్కితే ఒకటి తీసేయడాన్ని అలా అంటాం. నోట్‌బుక్‌లో దాదాపు ప్రతి ఇంటికీ రెండేసి పేర్లున్నాయి. పెద్దాయన పాత పేరు కొట్టేయడం మరిచిపోయారనుకుని ముందున్నది తీసేసి, తర్వాతది ఉంచాను. పక్క సీటులో కూర్చునే వరంగల్ స్వప్న నా స్క్రీన్ చూసి, "ఏందే, సగం ఊరు లేపేసినవ్ గదా!" అంది.

"క్లీన్ డేటా అంటే ఇదే మరి" అన్నాను గొప్పగా.

ప్రింట్ చూడటానికి వచ్చిన ఆర్మెన్ గారు తన ఇంటి మీద వేలు పెట్టి ఆగిపోయారు. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే అయినా తెలుగులో రాస్తున్నాను.

"హసన్ ఏడి?"

"హసన్ ఎవరండీ?"

అప్పుడు చెప్పారు. ఆ ఊళ్లో మొదట ఉన్నవాళ్లు అజర్‌బైజానీలు. ఆర్మెన్ వాళ్లది సరిహద్దుకు అవతల, అజర్‌బైజాన్‌లో ఉన్న ఆర్మేనియన్ల ఊరు. 1980ల చివర్లో రెండు జాతుల మధ్య గొడవలు ముదిరినప్పుడు రెండు ఊళ్లవాళ్లూ కూర్చుని మాట్లాడుకుని, ఇంటికి ఇల్లు మార్చుకున్నారు.

"తాళంచెవి ఇస్తూ హసన్ ఒక్కటే అడిగాడు. బడి వెనక మా అమ్మ సమాధి ఉంది, చూసుకో అని. మా పాత ఊళ్లో ఉన్న మా నాన్న సమాధిని నేను అతనికి అప్పజెప్పాను. అతని నుంచి మళ్లీ కబురు లేదు. ఏటా వెళ్లి గడ్డి పీకి వస్తున్నాను. నా తర్వాత ఎవరికి గుర్తుంటుంది? అందుకే కదమ్మా ఈ మ్యాప్."

నాకు తల కొట్టేసినట్టయింది. ఒరిజినల్ ఫైల్ ముట్టుకోకుండా కాపీ మీదే పనిచేసే అలవాటు ఉంది కాబట్టి బతికిపోయాను. పేర్లన్నీ తిరిగొచ్చాయి. ఈసారి ఆయన్ని అడుగుతూ ప్రతి ఇంటి పక్కనా మూడు వరుసలు పెట్టాను. మొదట ఉన్నవాళ్లు, తర్వాత వచ్చినవాళ్లు, ఇప్పుడుంటున్నవాళ్లు. మూడో వరుసలో చాలాచోట్ల ఎవరూ లేరు. పడుచువాళ్లు పనులు వెతుక్కుంటూ నగరాలకు పోయారట.

"వీటికి ఖాళీ అని రాయనా?" అని అడిగాను.

"వద్దు. తాళం వేసి ఉంది అని రాయి. వస్తారు."

బడి వెనక ఒక చుక్క పెట్టి 'హసన్ తల్లి' అని రాశాం.

ఇప్పటికీ డీడప్ నడుపుతాను, అది లేకపోతే మా పని సాగదు. కానీ ఒకే చోట రెండు పేర్లు కనిపిస్తే చెరిపే ముందు ఫోన్ చేసి, ఎవరు ఎప్పుడున్నారో అడుగుతాను. ఆ మాత్రం ఓపిక ఆర్మెన్ గారే నేర్పారు.

సెప్టెంబర్‌లో ఊరి నుంచి తిరిగొచ్చి ఆయన ఫోన్‌లో ఒక ఫొటో చూపించారు. గడ్డి పీకి శుభ్రం చేసిన సమాధి, చుట్టూ మట్టి చేతులతో బడిపిల్లలు.

"నేను చెప్పనేలేదు. బడి గోడ మీది మ్యాప్ చూసి వాళ్లే వెళ్లారు" అన్నారు. ఎంత సంతోషమో ఆయన మొహంలో. "ఇక నేను నింపాదిగా ముసలివాణ్ణవుతాను."