మంగళవారం ఒలాంప్

మా చెరకుతోట బానిసల్లో ఒలాంప్ పని దొరల బట్టలు ఉతకడం. బండకేసి కొట్టే ప్రతి దెబ్బకీ ఓ తిట్టు తిట్టేది. అందుకే దొరసాని గౌన్లు అంత తెల్లగా ఉండేవి. మంగళవారం మాత్రం నోరు విప్పేది కాదు. అది మా బానిసలు కొలిచే ఎజిలీ దంతోర్ అమ్మవారి రోజు. నాలుక తెగిన ఆ తల్లి ఒంటిమీదికొస్తే "కెకెకె" తప్ప మాటుండదు. ఓ మంగళవారం ఒలాంప్ కూతురు సెలీన్‌ను కొనడానికి బేరగాడు వచ్చాడు. వాడు పిల్ల పళ్లు చూస్తుండగా ఒలాంప్ కళ్లు తేలేసి, "కెకెకె" అంటూ వచ్చి పిల్లను పొదివి పట్టుకుంది. మేమంతా సాగిలపడ్డాం. పాదిరీ దగ్గర నాలుగక్షరాలు నేర్చుకుని, ఇవన్నీ నమ్మనని చెప్పుకు తిరిగే నేను అందరికంటే ముందు, సరిగ్గా వాళ్ల కాళ్ల దగ్గరే పడ్డాను. ముక్కు నేలకానింది కాబట్టి నాకొక్కడికే కనిపించింది: దేవత పిల్ల పిక్కను గట్టిగా గిల్లింది. వెంటనే సెలీన్ కూడా కిందపడి గిలగిల కొట్టుకుంది. "వంశంలోనే మూర్ఛ ఉంది, నాకొద్దు" అంటూ బేరగాడు గుర్రమెక్కాడు.

మర్నాడు తిట్లు మళ్లీ మొదలయ్యాక రేవుకెళ్లి అడిగాను. "గిల్లింది నువ్వా, అమ్మవారా?"

"ఏం అన్నా, అమ్మవారికి వేళ్లుండవా?" అంటూ గౌను బండకేసి కొట్టింది.

అప్పటినుంచి ఏ దేవత ముందు సాగిలపడినా, ముందు నా పిక్కలు దాచుకుంటాను.