నా పేరు పోయోస్తా

మేం ఆ ఊళ్ళో దిగేసరికి వాన, మంచు కలిసి పడుతున్నాయి. ఫిబ్రవరి నెల. లారీ వెనక తలుపు దించారు. ముందు హిల్డె దిగింది, దాని వెనక నేను దిగాను. హిల్డె కంచరగాడిద.

జర్మన్ సైన్యంలో ఇప్పటికీ కంచరగాడిదలు ఉన్నాయంటే ఇక్కడి మన తెలుగువాళ్ళెవరూ నమ్మరు. హెలికాప్టర్ ఎగరలేని వాతావరణంలో, బండి ఎక్కలేని దారిలో బరువు మోసేది అదే. దాన్ని నడిపించడం నా ఉద్యోగం. మా నాన్న కరీంనగర్ నుంచి బ్రెమెన్ వచ్చి స్థిరపడ్డ డాక్టర్. నాకు లెక్కల్లో మార్కులు తగ్గినప్పుడల్లా, "సదువుకోకుంటే గాడిదలు గాస్తవ్ రా" అనేవాడు. ఆయన మాట పొల్లుపోలేదు.

ఊరు ఇటలీ ఉత్తరపు కొండల్లో ఉంది. పేరు రాయను, అక్కడివాళ్ళకు హడావిడి గిట్టదు. ఒక వీధి, ఒక చర్చి, ఒక రొట్టెల కొట్టు. రాతి వంతెన కింద బూడిదరంగు వాగు. తూర్పున కొండ అడ్డం కాబట్టి ఎండ ఆలస్యంగా వస్తుంది, తొందరగా పోతుంది. ఇటలీ కొండదళంతో కలిసి చలికాలపు విన్యాసాలకు వచ్చాం. మా దళనాయకుడు బవేరియా మనిషి, మాటల్లో మహా పొదుపరి. పైన కనుమలో రేడియో గుడిసె ఉందనీ, దానికి బ్యాటరీలు రోజూ అందాలనీ చెప్పాడు. గాడిద జబ్బుపడితే పెట్టెలు నా వీపు మీదే ఎక్కుతాయని కూడా చెప్పాడు. నవ్వలేదు.

హిల్డెకు బస ఒక ముసలావిడ కొట్టంలో. ఊరంతా ఆమెను నోన్నా అనేవారు. అంటే అవ్వ. ఆవును అమ్మేసి చాలా కాలమైనా కొట్టంలో ఆవు వాసన పోలేదు. వయసులో ఉన్నప్పుడు జర్మనీలో ఒక హోటల్లో గిన్నెలు కడిగిందట. అప్పుడు అబ్బిన జర్మనే మా ఇద్దరికీ దిక్కు.

మొదటి పొద్దున జీను బిగించాను. రెండు పక్కలా పెట్టెలు కట్టాను. మంచులో కూరుకుపోతే నా జాడ చెప్పే చిన్న యంత్రం మెడలో వేసుకున్నాను. బయల్దేరబోతుంటే అవ్వ వంటింటి కిటికీ తెరిచి చెయ్యూపింది.

"చావ్."

నా గుండె ఝల్లుమంది. ఇటలీవాళ్ళు వెళ్ళేటప్పుడు అనే మాటేనని తెలుసు, జర్మనీలో కుర్రాళ్ళూ అంటారు. కానీ మంచుకొండ ఎక్కబోతున్నవాడికి పొద్దున్నే ఒక అవ్వ నోట ఆ మాట వినిపిస్తే ఎలా ఉంటుంది? మా అమ్మ అయితే ఆ రోజు గుమ్మం దాటనిచ్చేది కాదు. చెత్త పారేయడానికి వెళ్తూ "పోతున్న" అన్నా అమ్మ ఊరుకోదు. "పోతున్న అనొద్దు బిడ్డా, పోయొస్త అనాలె." ఆ అలవాటే కాబోలు, నా నోరు దానంతటదే "పోయొస్త" అంది.

సాయంత్రం దిగివచ్చేసరికి అవ్వ గుమ్మంలో ఉంది. "వచ్చావా, పోయోస్తా" అంటూ వేడి సూప్ గిన్నె చేతికిచ్చింది. నేను పొద్దున నా పేరు చెప్పాననుకుంది. మా రేడియో మనిషి పక్కనే ఉన్నాడు. ఇంకేం, తెల్లారేసరికి ఆ పేరు దళమంతా పాకిపోయింది, రేడియోలో పిలుపూ అదే.

"పోయోస్తా, పోయోస్తా, ఎక్కడున్నావ్?"

"కనుమ కింద మలుపులో. గాడిద క్షేమం. నా సంగతి ఎవరూ అడగరు."

కొన్నాళ్ళకు అవ్వకు అసలు సంగతి చెప్పాను. అది పేరు కాదనీ, వెళ్ళి తిరిగొస్తానని చెప్పడమనీ. మీ "చావ్" మా భాషలో మరణమనీ. కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. వాళ్ళాయన కలప కొట్టడానికి కొండ ఎక్కుతూ "చావ్" అనే అన్నాడట. మళ్ళీ రాలేదు. మరి ఇంట్లో ఉన్నవాళ్ళు ఏమనాలి అని అడిగింది. "పోయిరా" అనాలన్నాను. వాళ్ళ భాషలో "పోయ్" అంటే "తర్వాత" అట, ఇట్టే పట్టేసింది. ఆ మర్నాటి నుంచి కిటికీలోంచి "పోయ్‌రా" వినిపించేది. నన్ను మాత్రం పోయోస్తా అనడం మానలేదు.

మార్చి మొదట్లో ఒక రోజు పొగమంచు దిగింది. పైకి వెళ్తుంటే హిల్డె దారి మధ్యలో ఆగిపోయింది. బతిమాలాను. తెలుగులో తిట్టాను. చెవులు నిక్కించి నిలబడింది, అడుగు వెయ్యలేదు. ఇంతలో మా ముందు వాలు మీది మంచంతా ఒక్కసారిగా జారి లోయలోకి పోయింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. నేను హిల్డె మెడ పట్టుకుని నిలబడ్డాను. నన్ను పిలుస్తూ రేడియో చాలాసేపటి నుంచి గీపెడుతోంది.

"పోయోస్తా, బదులివ్వు. ముసలావిడ మా గుడారం ముందు మంచులో నిలబడింది. తిరిగొస్తానని చెప్పి వెళ్ళాడు అంటోంది, కదలనంటోంది. ఏం చెప్పమంటావ్?"

"వస్తున్నానని చెప్పు."

వచ్చాను. ఆవిడ నన్ను దాటి వెళ్ళి, ముందు హిల్డె ముఖం తుడిచింది.

విన్యాసాలు ముగిశాయి. లారీ ఎక్కే రోజున "పోయొస్త" అన్నాను. "పోయ్‌రా" అంది. లారీ వంతెన దాటేదాకా గేటు దగ్గరే నిలబడింది. ఇది మునుపటిలా సాయంత్రానికి తీరే మాట కాదని ఆవిడకు తెలుసు. నేనూ ఉత్తినే అనలేదు.

తర్వాత వేరే చోట్లు, వేరే ఉత్తర్వులు. మోకాలు దెబ్బతిని సైన్యం వదిలాను. హిల్డెకు కూడా విశ్రాంతి ఇచ్చి బవేరియాలో ఒక రైతుకు అప్పగించారు. నేను ష్వైన్‌ఫర్ట్‌లో యంత్రాల విడిభాగాల గిడ్డంగిలో చేరాను. కానీ చలికాలం వస్తే మనసు నిలవదు. ఊరు విడిచివచ్చినవాళ్ళు సొంత ఇంటి మీద బెంగపెట్టుకుంటారు. నాకేమో ఎవరిదో కొట్టం మీద బెంగ. సూప్ ఆవిరి, తడిసిన గాడిద వాసన, ఆ కిటికీ. సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీస్తుంటే, వచ్చావా అని అడిగే గొంతు కోసం చెవి వెతికేది.

పోయిన సెప్టెంబర్‌లో సెలవు పెట్టి, రైలెక్కి, బస్సు మారి వెళ్ళాను. అవ్వ కిటికీ మూసి ఉంది. రొట్టెల కొట్టులోకి వెళ్ళి ఒక రొట్టె అడిగాను. కొట్టులో ఉన్నతను నా బూట్లు చూసి, కొండెక్కుతావా అని అడిగాడు. అవునన్నాను. రొట్టె కాగితంలో చుట్టి చేతికిస్తూ, మామూలుగా, తలెత్తకుండానే అన్నాడు.

"పోయ్‌రా."

అదేం మాట అని నాకొచ్చిన ముక్కల ఇటాలియన్‌లో అడిగాను. నోన్నా మాట అన్నాడు. ఏదో పాత కొండభాష అయ్యుంటుందట. పైకెళ్ళేవాళ్ళకు ఊళ్ళో అందరూ అదే చెబుతారట. నోన్నా మొన్న చలికాలంలో పోయిందట.

డబ్బులిచ్చాను. తలుపు దాకా వెళ్ళాక నోరు దానంతటదే "పోయొస్త" అంది.

వెనక కత్తి బల్ల మీద పెట్టిన చప్పుడైంది. అతను నన్ను ఎగాదిగా చూశాడు. "పోయోస్తా? నువ్వేనా?" అన్నాడు. ఇంకేమీ అడక్కుండా గోడ మేకుకున్న అవ్వ కొట్టం తాళంచెవి తీసుకుని నాతో నడిచాడు.

కొట్టం తలుపు తెరిచాడు. హిల్డె నిలబడే చోట గాడి అంచులదాకా గడ్డి నిండి ఉంది. అవ్వ ఏటా కోత కాగానే పాత గడ్డి తీయించి కొత్తది వేయించేదట. గాడిద కొండ దిగి ఆకలితో వస్తుందని చెప్పేదట. కానీ ఇది ఈ ఏటి గడ్డి. ఇంకా పచ్చివాసన పోలేదు. ఎవరు వేశారని అడిగాను.

"నేనే వేశాను. వస్తానన్నావు కదా."

అక్కడే గడ్డి మీద చెయ్యి పెట్టుకుని ఏడ్చాను. అతను బయటికెళ్ళి నిలబడ్డాడు.

ష్వైన్‌ఫర్ట్‌లో రైలు దిగేసరికి అమ్మ ఫోన్ చేసింది. "పోయొచ్చినవా బిడ్డా?" అని అడిగింది. పోయొచ్చిన అన్నాను. ముక్కు చీదుకున్నాను. జలుబు చేసిందనుకుని, వేడినీళ్ళు తాగమని చెప్పింది.

విన్యాసాల గురించి ఎవరడిగినా మంచు గురించి, అది జారిపడ్డ వాలు గురించి చెబుతాను. నా కళ్ళముందు నుంచి పోనిది మాత్రం అవేవీ కావు. మనుషుల్లేని కొట్టం, తెరిచిన తలుపులోంచి పడ్డ ఎండ, ఆ ఎండలో నిండుగా ఉన్న గాడి.