తిన్నగా పోయిన ట్రక్కు

మా కేంబ్రిడ్జ్ వీధిలో ఒక అంకుల్ ఉండేవారు. ఆయన పాత పికప్ ట్రక్కు డ్రాగ్ రేసులో, అంటే తిన్నటి దారి మీద పెట్టే వేగం పోటీలో, ముందుకు దూకితే, ఆ మోతకు పక్క ఊరి పావురాలు మా ఊళ్లో వచ్చి వాలేవి. దూకేటప్పుడు వెనక చక్రాలు గెంతకుండా స్ప్రింగుల దగ్గర ఇనప కడ్డీలు బిగించారు. వాటిని సరిచేసే ప్రతిసారీ ఆంటీని పక్క సీట్లో కూర్చోబెట్టేవారు. సరదా రేసుల్లో ఆవిడా పక్కనే వెళ్లేవారు మరి. బరువు లెక్క తప్పితే బండి పక్కకు లాగుతుందట.

"పొయ్యి మీద పప్పుంది, తొందరగా కానివ్వండి" అనేవారావిడ, బఠాణీలు ఒలుస్తూ.

మొన్న చలికాలంలో ఆంటీ పోయారు. మంచు కరిగాక అంకుల్ ఆ కడ్డీలను ముట్టుకోకుండానే రేసుకు వెళ్లారు. ఆవిడ లేని బండి వంకరగా పోతుందని ముందే నాతో అన్నారు. అది గీత గీసినట్టు పోయింది, ఎప్పటికన్నా వేగంగా.

దిగి వచ్చి, "చూశావటోయ్, తనున్నా లేకున్నా దీనికి ఒకటే" అన్నారు.

"లేదంకుల్, కుడికి లాగింది. నేను చూశాను కదా."

ఆయన నా మొహంలోకి చూశారు.

"ఎంత లాగింది?"

"బారెడు" అన్నాను.

అప్పుడు ఆయనకు ఏడుపొచ్చింది.