నానమ్మ ఆనెకాయ, ఒక మరాఠీ మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో జరిగిన ఈ సంగతిలో ప్రతి అక్షరమూ నిజమని మా కులదైవం మార్కండేయుడి మీద, మా తాతయ్య మగ్గం మీద, ఇంకా ఊడకుండా మిగిలిన నా ముందరి పళ్ల మీద ఒట్టేసి చెబుతున్నాను. నన్ను ఎరిగినవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఎనభైల్లో మేము షోలాపూర్ భవాని పేట్‌లో ఉండేవాళ్లం. ముందు గదిలో తాతయ్య గుంట మగ్గం, దాని పక్కనే నానమ్మ రాట్నం. ఆమె నూలు కండెలు చుట్టి ఇస్తేనే ఆయన మగ్గంలో నాడె అటూ ఇటూ ఆడేది. ఒక ఏడాది నాకు టైఫాయిడ్ వచ్చి, ఇక దక్కనని అందరూ అనుకున్నప్పుడు, పిల్లాడు లేచి తిరిగితే వచ్చే ఏడు కోజాగిరి పున్నమకు, అంటే దసరా తర్వాతి పున్నమకు, నలభై కిలోమీటర్లు దాటి ఉన్న తుల్జాపూర్ దాకా నడిచి వస్తానని నానమ్మ భవానీమాతకు మొక్కుకుంది. నేను లేచాను, తిరిగాను, తిరగకూడని చోట్లా తిరిగాను. తీరా మొక్కు తీర్చాల్సిన ఏడు, పున్నమ ఇంకా రెండు నెలలుందనగా, ఆమె కుడి అరికాలిలో చిటికెన వేలి మొదట ఆనెకాయ లేచింది. చూడటానికి కందిగింజంత. కాలు మోపితే మాత్రం చెప్పులో గులకరాయి పడ్డట్టు ఉండేదట.

తాతయ్య మగ్గం వదిలి రాలేడు కాబట్టి దవాఖానాకు తోడు నన్ను పంపారు. నానమ్మ పెళ్లయి కరీంనగర్ వైపు నుంచి వచ్చింది. షోలాపూర్‌లో నలభై ఏళ్లున్నా ఆమె మరాఠీ కూరగాయల బేరం వరకే. నేనేమో మరాఠీ బడిలో చదువుతున్నవాణ్ని, అంటే ఇంటి దుబాసీని. పొద్దున్నించి వరసలో నిలబడి, మధ్యాహ్నానికి డాక్టర్ ముందుకు చేరాం. ఆయన మంచి మనిషి. కాలు ఒళ్లోకి తీసుకుని బొటనవేలితో నొక్కి చూసి, “ఆజీ, కురూప్ ఆహే” అన్నాడు. ఆపైన ఇంకేవో జాగ్రత్తలు చెప్పి, రెండు రోజులకోసారి రమ్మన్నాడు.

“ఏమంటుండురా?” అంది నానమ్మ.

“నిన్ను కురూపి అంటుండు నానమ్మా.”

తెలుగు తెలిసినవాడికి ఆ మాట వింటే తోచే అర్థం అదే కదా. నానమ్మ లేచింది. కొంగు బిగించింది. ఆ తర్వాత ఆమె తెలుగులో పెట్టిన శాపనార్థాలకు అటు కొంతం చౌక్‌లో టాంగా గుర్రాలు నిలబడిపోయాయి. భాష తెలియని డాక్టర్ మాత్రం అవి దీవెనలనుకుని రెండు చేతులూ జోడించాడు.

ఆ దవాఖానా గడప మళ్లీ తొక్కనని ఇంటికి రాగానే చెప్పేసింది. తాతయ్య తన గడ్డం బ్లేడు సగానికి విరిచి వైద్యానికి కూర్చున్నాడు. నూలు పోగు తెగితే చీకట్లో కూడా ముడివేయగల చెయ్యి ఆయనది, కానీ అరికాలు నూలు కాదు. రెండు రోజులు పొరలు పొరలుగా చెక్కాడు. మూడో రోజు నెత్తురు వచ్చింది. తెల్లారేసరికి పాదం ఎర్రగా వాచి ముట్టుకోనివ్వలేదు. రాట్నం ఆగింది, కండెలు లేక మగ్గమూ ఆగింది. నానమ్మ నొప్పి అని ఒక్క మాట అనలేదు. మొక్కు తప్పితే పిల్లాడికి ఏమవుతుందో అని మాత్రం మా అమ్మతో అంటుంటే నేను తలుపు పక్కనుంచి విన్నాను.

అప్పుడు వచ్చింది పక్కింటి అక్క. ఒళ్లో చాట పెట్టుకుని గడపలో బీడీలు చుట్టేది. మాట్లాడుతున్నా, నవ్వుతున్నా, ఎవరినైనా తిడుతున్నా వేళ్లు ఆగేవి కావు. ఆ రోజు ఆగాయి. పాదం చూసి, గూట్లోని బ్లేడు తీసి బయట పారేసింది. నానమ్మ చెప్పిన అవమానగాథ అంతా విని, నన్ను పిలిచింది.

“తమ్మీ, డాక్టర్ అన్న మాట అన్నట్టే చెప్పు. నీ తెలుగు వద్దు.”

“కురూప్” అన్నాను.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అవ్వా, మరాఠీల ఆనెకాయనే కురూప్ అంటరు. ఆయన నీ కాలును అన్నడు, మొఖాన్ని కాదు.”

నానమ్మ నాలుక కరుచుకుంది. “అట్లనా? నేనేమో ఆయన ముత్తాత దాకా పోయొస్తి గదనే.”

అక్క నా వైపు ఒకసారి చూసి ఊరుకుంది.

మర్నాడు తనే నానమ్మను చెయ్యి పట్టి తీసుకెళ్లింది. డాక్టర్ పుండుకు కట్టు కట్టి, మాత్రలిచ్చి, చక్కెర జబ్బు ఉందా అని అడిగాడు. లేదని తేలాక, ఉన్నవాళ్లయితే ఇంట్లో కాలు అసలు కెలకకూడదని, లేనివాళ్లయినా బ్లేడు పెట్టకూడదని చెప్పాడు. పుండు మానాక రోజూ సాయంత్రం పని మొదలైంది. గోరువెచ్చని నీళ్లలో పాదం నానబెట్టడం, తుడిచి వజ్రీతో, అంటే కాళ్లు రుద్దే గరుకు బిళ్లతో, మెల్లగా రుద్దడం, తెల్లటి పొర రాలగానే ఆపెయ్యడం, కొబ్బరినూనె రాయడం. అంతా అక్కే చేసేది.

ఆనెకాయ మెత్తబడింది. నాలుగు రోజులు నడవగానే మళ్లీ గట్టిపడింది. పున్నమ దగ్గరపడుతోంది. ఇంకెవరైనా అయితే ఇంకా గట్టిగా రుద్దేవాళ్లు. అక్క రుద్దడం ఆపించి, నూనెలో పసుపు కలిపి ఆనెకాయ మీద దట్టంగా పూసింది. నానమ్మకు ఆమె చెప్పులే తొడిగి నల్లా దాకా నడిచి రమ్మంది. రాగానే కుడి చెప్పు తీసి వెలుగులో పెట్టింది. చెప్పులు కుట్టే మోచీ మూడోసారి అతుకు వేసిన చోట దారం ముడి ఒకటి పైకి లేచి ఉంది. పసుపంతా సరిగ్గా ఆ ముడి మీద ఉంది.

“సూడు అవ్వా, ఆనెకాయ నీ కాల్ల లేదు. చెప్పుల ఉన్నది. నువ్వెంత గీకినా ఇది మళ్ల మొలిపిస్తనే ఉంటది.”

ఇంకో ఏడాది వస్తాయనుకున్న చెప్పులను వదలడానికి నానమ్మ చాలా బాధపడింది. అక్క పట్టుబట్టి, వేళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా కాస్త వెడల్పుగా, అడుగు మెత్తగా ఉన్నవి కొనిపించింది. మగ్గం కింద రాలిన తెగిన నూలు ఏరి, బిందె కింద తలకు పెట్టుకునే సుట్టబట్ట లాంటిదే, పావలా బిళ్లంత చిన్నది చుట్టి ఆనెకాయ చుట్టూ అంటించింది. బరువంతా ఆ చుట్ట మీద పడేది, నడుమ గుంటలో ఆనెకాయ హాయిగా కూర్చునేది. పున్నమ నాటికి అక్కడ మచ్చ మాత్రం మిగిలింది. నానమ్మ తుల్జాపూర్ నడిచి వెళ్లింది, అక్క తోడు వెళ్లింది. బస్సులో తిరిగొచ్చిన నానమ్మ పాదాలకు ఒక్క బొబ్బ కూడా లేదు.

ఇంట్లోనో, మనిషిలోనో ఒకే చోట మళ్లీ మళ్లీ నొప్పి లేస్తుంటే, దాన్ని చెక్కడానికి చెయ్యి పోతుంది నాకు. పోయిన ప్రతిసారీ అక్క గుర్తొచ్చి, ముందు ఎక్కడ ఒత్తుకుంటోందో వెతుకుతాను.

ఇక నిజం చెప్పేస్తాను. టాంగా గుర్రాలు నిలబడలేదు. డాక్టర్ చేతులు జోడించలేదు, పాపం బిత్తరపోయాడు. తిరిగొచ్చిన నానమ్మ కాళ్లకు బొబ్బలు మూడు. ఇవి చిన్నవి. పెద్దది ఒకటుంది. కురూప్ అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలుసు. రెండు రోజులకోసారి ఆ వరసలో నిలబడాలంటే నా గోళీల ఆట పోతుందని అలా చెప్పాను.

అక్కకూ తెలిసిపోయింది. నన్ను చూసి ఊరుకుందని రాశాను, ఊరుకోలేదు. సాయంత్రం తన గడపకు పిలిచి మెల్లగా అంది: “ఈ మాట మనిద్దరి నడుమనే ఉంటది. అవ్వ కాలు మాత్రం పున్నమ దాకా నువ్వే కడగాలె.”

కాబట్టి పైన ‘అంతా అక్కే చేసేది’ అన్నచోట నా చేతులని చదువుకోండి. ‘నా మనవడు నా కాళ్లు కడుగుతడు’ అని నానమ్మ పేటంతా చెప్పుకుని మురిసిపోయింది. శిక్షగా మొదలైంది నాలుగో రోజుకు శిక్షలా అనిపించలేదంటే మీరు నమ్మరు. అది మాత్రం నేను కల్పించలేదు.