ఆఖరి ఆటలో నేను రాసిన పేరు

ఇరవై ఏళ్లకు పైగా ఒక కాగితం ముక్కను మోస్తున్నాను. అది నా దగ్గర లేదు. ఎప్పుడో చెత్తలో కలిసిపోయి ఉంటుంది. దాని మీద నేను రాసింది ఒకే ఒక పేరు. ఒక్క పేరుకు ఇంత బరువేమిటో నాకు అర్థం కాదు. కాదు, అర్థమవుతుంది. అందుకే మీతో చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. తెలిసినవాళ్ల ముందు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు ఆగేదాన్ని కాదు.

ఇప్పుడు నేను గద్వాలలో లెక్కల టీచర్ని. పరీక్షలో పక్క పిల్ల కాగితంలోకి తొంగిచూస్తే ఊరుకోనని పేరు తెచ్చుకున్నాను. చాలా నిక్కచ్చి మనిషినని అందరూ అంటారు. వింటూ ఊరుకుంటాను. ఊరుకోవడంలో నాకు మంచి అనుభవం ఉంది.

పదో తరగతి నాగర్‌కర్నూల్‌లో చదివాను, ఆడపిల్లల హాస్టల్లో ఉండి. మా ఊరు తెలకపల్లి దగ్గర. నాలుగెకరాల మెట్ట చేను, పల్లీ పంట, ఎప్పుడూ ఆకాశం వంక చూసే నాన్న. నా స్నేహితురాలు ఎస్తేరుది కోడేరు వైపు. వాళ్ల అమ్మానాన్నలు మేస్త్రీ వెంట పుణె పోయి కట్టడం పని చేసేవాళ్లు. ఏడాదికి ఒకసారి వచ్చేవాళ్లు, ఒక్కో ఏడాది అదీ లేదు. ఆరో తరగతిలో చేరిన రోజున మా ఇద్దరి రేకు పెట్టెలు పక్కపక్కన పడ్డాయి. ఐదేళ్లు అవి అక్కడే ఉన్నాయి. నా పెట్టెలో అమ్మ పంపిన సజ్జరొట్టెలు ఉంటే దాని పెట్టెలో ఎప్పుడూ చింతగింజలు ఉండేవి.

ఆ గింజల సంగతి చెప్పాలి. మా హాస్టల్ భోజనాల గదిలో ఒక టీవీ ఉండేది, తలుపులున్న చెక్క పెట్టెలో, తాళం వేసి. ఆదివారం మధ్యాహ్నం ఒక గంట తీసేవాళ్లు. ఆ గంటలో ఒక సీరియల్ వచ్చేది. ఒక బడి, అందులో ఇద్దరు ప్రాణ స్నేహితురాళ్లు, ఒక వింత లెక్కల సారు. ఆ సారు పాఠం చెప్పకుండా పిల్లలతో ఆటలాడించేవాడు. అందులో ఒక ఆట మా హాస్టల్‌కు అంటుకుంది. ఇద్దరు వీపు వీపు ఆనించి కూర్చోవాలి. మూడో పిల్ల చూస్తుంటుంది. ఒకటి రెండు మూడు అనగానే ఇద్దరూ చెయ్యి చాపాలి. ఇద్దరూ అరచెయ్యి తెరిస్తే తలా మూడు గింజలు. ఇద్దరూ పిడికిలి బిగిస్తే తలా ఒకటి. ఒకరు తెరిచి ఒకరు బిగిస్తే, బిగించినామెకు ఐదు, తెరిచినామెకు సున్నా. తెరవడాన్ని 'కలుపుడు' అనేవాళ్లం, బిగించడాన్ని 'గుంజుడు'.

సాయంత్రాలు వరండా నిండా అదే ఆట. ఎన్ని అరుపులు, ఎన్ని అలకలు. ఇప్పటికీ ఎక్కడైనా వేయించిన చింతగింజల వాసన వస్తే నాకు పదిహేనేళ్లు. తలకు నూనె, రెండు జడలు, వీపుకు ఎస్తేరు వీపు వెచ్చగా తగులుతూ. అంత నమ్మకంగా నేను మళ్లీ ఎవరికీ ఆనుకుని కూర్చోలేదు.

నాకు లెక్కలు బాగా వచ్చు కదా, ఆ ఆటలో ఒక కిటుకు కనిపెట్టాను. పది ఆటలు అనుకుని ఆడితే తొమ్మిదిదాకా అందరూ మంచివాళ్లే. పదో ఆటలో గుంజుతారు. తర్వాత ఆట లేదు కాబట్టి, కోపగించుకున్నా ఏం చేయలేరు కాబట్టి. నేనూ అందరి దగ్గరా అలాగే గుంజాను. ఒకసారి ఎస్తేరు దగ్గర కూడా గుంజాను. అది వెనక్కి తిరిగి నా పిడికిలి చూసి పకపకా నవ్వింది. అయిదు గింజలూ నా ఒళ్లో పోసి, మళ్లీ రేపు ఆడమా ఏంది అంది. మర్నాడు కూర్చున్నాం. మొదటి ఆట నుంచి పదో ఆట దాకా అరచెయ్యి తెరిచే ఉంచింది. దానికి లెక్కలు రావని అప్పుడు అనుకున్నాను.

పరీక్షలు దగ్గర పడ్డాయని జనవరి నుంచి ఆ ఆదివారం గంట కూడా ఆపేశారు. సీరియల్ ఆఖరి వారానికి వచ్చింది. అందులో ఆ ఇద్దరు స్నేహితురాళ్ల మీద ప్రశ్నపత్రం దొంగతనం మోపారని, చెరో గదిలో పెట్టి అడగబోతున్నారని బడికి ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు చెప్పారు. ఎవరు ఎవరి పేరు చెబుతారో చూడకపోతే చచ్చిపోతామన్నట్టు ఉండేది మాకు. మాకు అంటున్నాను. నాకు.

ఆ ఆదివారం వార్డెన్ మేడం ఊళ్లోకి పోయింది. పిల్లలంతా బోరు దగ్గర బట్టలుతుకుతున్నారు, వంటింట్లో వంటామె ఒక్కతే ఉంది. మేడం గది తలుపు వెనక మేకుకు ఉన్న తాళంచెవి నేనే తీశాను. ఎస్తేరు వద్దంటే వద్దంది. రెండుసార్లు చెయ్యి పట్టుకుని ఆపింది. తర్వాత, నన్ను ఒక్కదాన్ని పంపడం ఇష్టంలేక వెంట వచ్చింది. తొందరలో నేను స్టెబిలైజర్ వేయకుండా టీవీ పెట్టాను. చుట్టుపక్కల చేలలో బోరు మోటార్లకు కరెంటు పోయే వేళ అది. మోటార్లన్నీ ఒక్కసారి ఆగితే వోల్టేజీ ఎగదన్నుతుంది. రైతు బిడ్డను, నాకు తెలియని సంగతి కాదు. తెరమీద ఆ ఇద్దరినీ చెరో గదిలోకి పంపారు, తలుపులు మూశారు, అంతే. టప్‌మని శబ్దం, కాలిన వాసన, సన్నటి పొగ. ఆ పిల్లలు ఏం చెప్పారో నాకు ఈనాటికీ తెలియదు.

బోరు దగ్గర లేనిది మేమిద్దరమేనని తేలడానికి మేడంకు పది నిమిషాలు పట్టలేదు. నన్ను బియ్యం బస్తాల గదిలో, ఎస్తేరును ఆఫీసు గదిలో కూర్చోబెట్టింది. చెరో తెల్లకాగితం, చెరో పెన్ను. ఎవరు చేశారో రాసినామెను వదిలేస్తాను, ఇద్దరూ రాయకపోతే ఇద్దరి ఇళ్లకూ కబురు పెడతాను అంది. మేడం కూడా ఆ సీరియల్ చూసేదేమో.

ఆ గదిలో ఎంతసేపు కూర్చున్నానో. నాన్న మేడం ముందు చేతులు కట్టుకుని నిలబడటం కళ్ల ముందుకొచ్చింది. చదువు చాలు, చేను దగ్గరికి నడువు అంటాడని భయం వేసింది. అది నిజమైన భయమే. కానీ భయంతోనే రాశానా? ఇన్నేళ్లుగా తవ్వుకుంటున్నాను, అడుగున ఇంకొకటి ఉంది. నేను లెక్క వేశాను. ఎస్తేరు అమ్మానాన్నలు పుణెలో ఉన్నారు, కబురు పంపినా ఎవరూ రారు, దాన్ని తిట్టేవాళ్లే లేరు, రెండు రోజులు మేడం కేకలేసి ఊరుకుంటుంది అనుకున్నాను. ఇంకో రెండు నెలల్లో బడి అయిపోతుంది, ఇది పదో ఆట అనుకున్నాను. వీటన్నిటికంటే కింద ఇంకో మాట ఉంది. ఇద్దరిలో ఎవరి పేరు రాస్తే మేడం తొందరగా నమ్ముతుందో నాకు తెలుసు. నాన్నకు చేనుంది. కూలికి పోయిన ఇంటి పిల్ల అది. ఆ సంగతి నాకెవరూ నేర్పలేదు. అయినా తెలుసు.

ఎస్తేరు అని రాశాను. చేతిరాత ఎప్పటిలాగే ముత్యాల్లా వచ్చింది.

మేడం రెండు కాగితాలూ నా ముందు పెట్టింది. ఎస్తేరుది ఖాళీ. పైన మూలన పరీక్ష కాగితం మీద రాసినట్టు తన పేరు, రోల్ నంబరు వేసుకుంది, అంతే. నన్ను మేడం మెచ్చుకుంది.

ఇక నా లెక్క ఎలా తప్పిందో వినండి. తిట్టడానికి ఎవరూ లేరనుకున్నాను కదా. పిల్లను హాస్టల్ నుంచి పంపేయకుండా ఉంచాలంటే ఇంటివాళ్లు హామీ కాగితం మీద సంతకం పెట్టాలి, దానికి కూడా ఎవరూ లేరు. నాన్న లాంటివాడొచ్చి చేతులు కట్టుకుంటే, ఈసారికి వదిలేయండని బతిమాలితే, మేడం కరిగేదే. ఎస్తేరు కోసం దాని ముసలి అవ్వ వచ్చింది. ఆమెకు వినపడదు. మేడం చెప్పినదానికల్లా తలూపి, పిల్ల పెట్టె నెత్తిన పెట్టుకుంది.

గేటు దాకా నేను వెళ్లాను. వెళ్లకుండా ఉంటే బాగుండేది.

"నువ్వేం రాసినవే?" అంది ఎస్తేరు.

"ఏం రాయలే."

"నేను గూడ రాయలే." దాని ముఖం విచ్చుకుంది. "నాకెర్కనే. మనది ఎప్పుడు కలుపుడే గదా. ఆ వంటామెనే నా పేరు చెప్పింటది, నేను ఆ గదిల నుంచి వస్తుంటె చూసింటది."

నేను తలూపాను. నా చేతిలో గింజల సంచి పెట్టి వెళ్లిపోయింది.

కాగితం మీద పేరు రాసినప్పుడు నాకు భయం ఉంది. గేటు దగ్గర ఏ భయమూ లేదు. అక్కడ చెప్పింది ఉత్త అబద్ధం. పైగా తలూపి, పాపం వంటామె మీద వేశాను. ఆ మాట పాకి, హాస్టలంతా ఆమెతో మాటలు మానేసింది. నేను కూడా మానేశాను. అందరికంటే ముందు.

పరీక్షలకు ఎస్తేరు రాలేదు. ఎండాకాలం కూలీల ముఠాతో పుణె పోయిందని విన్నాను. దాని హాల్‌టికెట్ ఆఫీసు బల్ల మీద చాలా రోజులుంది, ఫోటోలో నా రిబ్బన్లు కట్టుకుని. మా నంబర్లు వరుసగా ఉండేవి. పరీక్షలు జరిగినన్ని రోజులూ నా ముందు బెంచీ ఖాళీ. దాని మీద సుద్దతో దాని నంబరు. లెక్కల పరీక్షలో నాకు నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి.

డిగ్రీలో ఒకరోజు మా సారు బోర్డు మీద నాలుగు గడులు గీసి, దీన్ని గేమ్ థియరీ అంటారన్నాడు. ఇద్దరు ఖైదీలు, రెండు గదులు. అవతలివాళ్లు ఏం చేసినా, మన వరకు పేరు చెప్పేయడమే లాభమని లెక్క తేల్చి చూపించాడు. పుస్తకం నా వైపే ఉంది. ఆ రోజు సంతోషపడాల్సింది. కానీ పుస్తకంలో ఖైదీలు తర్వాత గేటు దగ్గర కలుసుకోరు. అందులో ఎవరూ ఎవరికీ గింజల సంచి ఇవ్వరు. అరచెయ్యి తెరిచి ఉంచినామెకు లెక్కలు రాకపోవడం కాదు, ఆమెకు పదో ఆట అనేదే లేదని నాకు ఆ క్లాసులో కూర్చుని తెలిసింది. తెలిసి ఏం చేశాను? నోట్సు రాసుకున్నాను.

పోయిన ఏడాది అమ్మను చూడటానికి పోతూ వనపర్తి బస్టాండులో బస్సు కోసం నిలబడ్డాను. వెనక నుంచి ఎవరో వీపు మీద చరిచారు. తిరక్కముందే తెలిసింది. ఎస్తేరు నవ్వు మారలేదు. పుణె నుంచి వచ్చేసి చాలా ఏళ్లయిందట. కోడేరు బడిలో మధ్యాహ్న భోజనం వండుతోందట. వెంట పదో తరగతి చదివే కూతురు. స్నేహితురాలు మోసం చేసిందని ఆ పిల్ల వారం నుంచి సరిగా తినడం లేదని ఎస్తేరు నాతో చెప్పి, కూతురి భుజం పట్టి నా వైపు తిప్పింది.

"జర చూడు బిడ్డా. గీమెనే నేను చెప్పిన సోపతి. మేడం ఎంత అడిగినా నా పేరు చెప్పలే. గట్లాంటోళ్లు గూడ ఉంటరు."

ఆ పిల్ల నన్ను చూసింది. తల్లి కళ్లే. నేను నవ్వాను. అవును, నవ్వాను. ఏదైనా అనాలి కాబట్టి ఆ వంటామె గుర్తుందా అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. దొరికిపోవాలని ఉందేమో.

"ఎందుకు యాదిలేదు," అంది ఎస్తేరు. "శాన రోజులు తిట్టుకున్న. ఇప్పుడు నేను గూడ వంటామెనే అయితి గద, నౌకరి పోతదని ఎంత భయముంటదో ఎర్కైంది. ఎన్నడో మాఫ్ చేసిన. పాపం, బతికుందో లేదో."

నాకు అందాల్సిన క్షమాపణ ఏనాడో వేరే మనిషికి వెళ్లిపోయింది. చెయ్యని తప్పుకు ఆమెకు క్షమాపణ దొరికింది. చేసిన నేను పక్కన నిలబడి విన్నాను. బస్సు వచ్చింది, ఎక్కాను. ఎస్తేరు నంబరు ఫోనులో ఉంది. ఏడాదిగా దాన్ని తెరుస్తున్నాను, మూస్తున్నాను. చెబితే నా బరువు దిగుతుంది. మరి ఆ పిల్లకు తల్లి నా గురించి చెప్పిన మాట ఏమవుతుంది? ఇలా అడుగుతున్నాను కానీ, ఇది కూడా నేను నా కోసం వేసుకున్న లెక్కేమో. ఆ పిల్లను అడ్డం పెట్టుకుని మళ్లీ దాక్కుంటున్నానేమో.

ఈ ఉదయం ఒక తెల్లకాగితం తీసుకున్నాను. పైన మూలన నా పేరు, పాత రోల్ నంబరు వేసుకున్నాను. కింద రాశాను. తాళంచెవి తీసింది నేను. టీవీ పెట్టింది నేను. గేటు దగ్గర నీకు అబద్ధం చెప్పాను. వంటామె ఏమీ చూడలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. నీ పేరు రాసింది నేనే, ఎస్తేరూ.

ఆ కాగితం ఇంకా పంపలేదు. కానీ ఇరవై ఏళ్ల తర్వాత ఒక కాగితం మీద సరైన పేరు ఉంది.